నా పేరు మీద చెల్లిన పచ్చడి

పాలు మాడిపోతుంటే నేను స్టవ్ పక్కనే నిలబడి ఉన్నాను. స్నానాలగదిలోంచి మా ఆయన "ఏదో మాడుతోంది, చూడు" అని కేకేస్తే గానీ గిన్నె అడుగు నల్లబడిన సంగతి నాకు తెలియలేదు. ఏదో పరధ్యానంలో ఉన్నానని అబద్ధం చెప్పాను. ఆయన ఆఫీసుకు వెళ్ళాక ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. కాఫీపొడి, కర్పూరం, ఆవకాయ జాడీ, చివరికి మా అమ్మాయి స్కూలు బూట్లు కూడా వాసన చూశాను. దేనికీ వాసన లేదు. వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను.

అంతకుముందు పది రోజులు నాకు జ్వరం. తగ్గిందిలే అనుకున్న రెండో రోజు సంగతి ఇది. కాలనీ డాక్టరు దగ్గరకు ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే వెళ్ళాను. ఆయన టార్చి వేసి ముక్కులోకి చూసి, జ్వరం తర్వాత కొందరికి ఇలా అవుతుందనీ, కొన్ని నెలల్లో తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చనీ చెప్పాడు. కంగారు పడాల్సిందేమీ లేదని హిందీలో ధైర్యం కూడా చెప్పాడు. ఆయనకేం తెలుసు. నాలుక మీద ఉప్పూ పులుపూ ఎక్కడో దూరంగా ఉన్నట్టు తెలిసేవి, ఎంత ఉన్నాయో తెలిసేది కాదు.

కంగారు దేనికో చెప్పాలంటే, మేము ఢిల్లీ వచ్చిన కొత్తలోకి వెళ్ళాలి. మా ఆయనకు కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం, కృష్ణా జిల్లా నుంచి నేరుగా తెచ్చి నన్ను జనక్‌పురిలో రెండో అంతస్తు వాటాలో దింపారు. నాకు హిందీ రాదు. కూరగాయల బండివాడితో వేళ్ళు చూపించి బేరమాడేదాన్ని. నవ్వితే ఎందుకు నవ్వారో తెలియదు, తిడితే ఎందుకు తిట్టారో తెలియదు. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు పది కుటుంబాల వాళ్ళు నెలకో ఆదివారం ఒక్కో ఇంట్లో కలిసి భోజనం చేసేవారు. ఒకరు పులిహోర, ఒకరు గారెలు, ఒకరు ముద్దపప్పు, ఇలా ఇంటికో వంటకం. మొదటిసారి నేను గోంగూర పచ్చడి పట్టుకెళ్ళాను. ఆఫీసరుగారి భార్య ఒకావిడ, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని మనిషి, గిన్నె అడుగున వేలితో తుడుచుకుని తిన్నారు. ఆ రోజు నుంచి నేను పచ్చడి ఆంటీని. పిల్లలకు నా పేరు కూడా తెలియదు. ఈ ఊళ్ళో నాకంటూ ఉన్నది ఆ ఒక్క పేరే, అదీ పోతే నేనెవర్ని?

పచ్చడంటే ఏదో విస్తరి మూల ఇంత వేసుకునే వస్తువు అనుకుంటారు చాలామంది. వాళ్ళకు తినడం రాదు. గోంగూరకు వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి ఉండాలి. అల్లం పచ్చడికి పెసరట్టు, అదీ ఉప్మా పెట్టి మడిచిన పెసరట్టు. కందిపచ్చడి చేసిన రోజున పచ్చిపులుసు లేకపోతే ఆ వంట సగమే అయినట్టు. మినప్పిండితో దళసరిగా కాల్చిన దిబ్బరొట్టెకు కొబ్బరి పచ్చడి. ఢిల్లీ చలికి ఇవన్నీ రెట్టింపు తినబుద్ధేసేది. ఇడ్లీకి గోంగూర నంజుకునేవాళ్ళను నేను మనుషుల్లో లెక్కపెట్టను. పెళ్ళైన కొత్తలో మా ఆయన అలా నంజుకుంటే రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంకో సంగతి. మా పుట్టింట్లో వండుతూ రుచి చూడకూడదు. దేవుడికి పెట్టకముందు నోట్లో వేసుకుంటే అది ఎంగిలి. అందుకని మా అమ్మ గరిటె ముక్కు దగ్గరకు తెచ్చుకుని "ఉప్పు చాల్లేదు" అనేది, వేసేది, అంతే, సరిపోయేది. ఆ విద్య నాకూ వచ్చింది. మెంతులు ఎప్పుడు దించాలో, ఎండుమిరపకాయ ఎప్పుడు కమ్మగా వేగిందో, ఎప్పుడు మాడబోతోందో, గోంగూర మగ్గుతూ పచ్చివాసన ఎప్పుడు వదిలిందో, అన్నీ ముక్కే చెప్పేది. అందరూ నా చేతిలో ఉందనుకున్నది నిజానికి నా ముక్కులో ఉండేది. ఈ సంగతి ఆ ముక్కు పోయాక నాకూ తెలిసింది.

కింద మొదటి అంతస్తులో వరంగల్ వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆయన ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆమె నాకంటే అయిదారేళ్ళు చిన్నది, నన్ను అక్కా అనేది. మేడ మీద రోలు నాదే అయినా ఇద్దరం వాడుకునేవాళ్ళం. వాళ్ళు పచ్చడిని తొక్కు అంటారు, జొన్నరొట్టెలో పెట్టుకుని తింటారు, అన్నింట్లోనూ నువ్వులు వేయించి నూరి కలుపుతారు. "నువ్వుల డబ్బా పోతే మీకు వంట ఆగిపోతుందే" అని నేను ఏడిపించేదాన్ని. "మీ గోంగూరల పులుపు తప్పితే ఏమున్నదక్కా" అని ఆమె అనేది. నవ్వుకునేవాళ్ళం. ఈ ఊళ్ళో నాతో నవ్వే మనిషి ఆమె ఒక్కతే.

మార్చిలో ఒకరోజు మధ్యాహ్నం మేడ మీద మిరపకాయలు ఎండబెడుతుంటే ఆమెకు చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను కూడా. వారం రోజులుగా గుడ్డిగా వండుతున్నాను, మా ఆయన మౌనంగా తింటున్నారు, ఏమీ అనడం లేదు, అనకపోతే నాకెలా తెలుస్తుంది అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నేనున్న గదక్కా. నువ్వు చెయ్యి, నేను నాకి చెప్త. నీ నాలుక నేనే అనుకో" అంది. ఎవరికీ చెప్పకూడదని మా అమ్మాయి మీద ఒట్టు వేయించుకున్నాను. మా ఆయనకు అసలే చెప్పకూడదన్నాను. ఆయన జాలి చూపులు నేను భరించలేను, పైగా వంటమనిషిని పెట్టుకుందామంటారు. "గట్లెట్ల చెప్త అక్కా, నాకు తెల్వదా" అంది. నేను నమ్మాను.

మొదట్లో పొద్దున్నే ఆమే పైకి వచ్చేది. అరచేతిలో ఇంత పచ్చడి వేసుకుని నాకి, "జర ఉప్పు ఎక్కువైందక్కా" అనేది, లేకపోతే "మెంతులు మాడినయి" అనేది. నేను దిద్దుకునేదాన్ని. ఒక్కోసారి దిద్దడానికి లేనంతగా పాడైపోయేది, పారబోసి మళ్ళీ చేసేదాన్ని. అలాంటి రోజుల్లో నాకు అన్నం సయించేది కాదు. నెల తర్వాత ఆమె, "అక్కా, పొద్దుగాల పిల్లల టిఫిన్లతోని నాకు సతమతమైతుంది, నువ్వు గిన్నె కిందికి పంపు" అంది. సరే, పాలకు వెళ్ళే మా ఆయన చేతికి గిన్నె ఇచ్చి, "కింద ఆవిడకు కాస్త రుచికి ఇచ్చి రండి" అనేదాన్ని. రోజూ ఆవిడకు రుచి ఎందుకని ఆయన ఒక్కరోజు కూడా అడగలేదు. అడగనందుకు నేను లోపల సంతోషించాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

రేపేం పచ్చడి చేస్తున్నావని ఆమె ముందురోజే అడిగేది. పొద్దున గిన్నె తిరిగి వచ్చేది. "ఫస్ట్ క్లాస్ ఉన్నదక్కా" అని ఫోన్ చేసేది. రంగు తేడాగా ఉందేమిటంటే "నేనే జర చింతపండు పిసికి కలిపిన" అనేది. ఒక్కోసారి "రేపటిసంది మెంతులు తక్కువెయ్యి" అనేది, మర్నాడు నేను లెక్కపెట్టుకుని మరీ మెంతులు తగ్గించేదాన్ని. ఇంట్లో మా ఆయన, అమ్మాయి కంచాలు తుడిచినట్టు తినేవారు. నా నోటికి అది తడి మట్టి. అయినా వాళ్ళు తింటుంటే నాకు కడుపు నిండేది.

నెలనెలా భోజనాల సంగతి ఇంకా చెప్పాలి. మాది స్కూటరు కనక, గిన్నెలన్నీ కింది వాటా వాళ్ళ కారులో వచ్చేవి. అక్కడ నా పచ్చడికి ఎన్నడూ లేని పేరొచ్చింది. వేసవిలో మామిడికాయ పచ్చడి రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. ఆఫీసరుగారి భార్య మొట్టమొదటిసారి, "నాకు ఎలా చేయాలో చెప్పండి" అని డైరీ తెచ్చుకుని రాసుకున్నారు. తర్వాతి నెల వచ్చి, "మీరు చెప్పినట్టే చేశాను, మీలాగా రాలేదు. ఏదో దాచిపెట్టారు ఆంటీ మీరు" అని నిష్ఠూరమాడారు. నేను ఏమీ దాచలేదని ప్రమాణం చేశాను. కింది వాటా ఆమె నా పక్కనే కూర్చుని చేతిలో కంచం వైపు చూస్తూ నవ్వింది. ముక్కు లేకుండా ఇంత పేరు తెచ్చుకున్నానే అని ఆ రాత్రి నేను గర్వపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

అక్టోబరులో ఒక సాయంత్రం మా అమ్మాయిని స్కూలు బస్సు నుంచి దింపుకుని వస్తున్నాను. మా వీధి చివర ఏడాకుల చెట్టు ఒకటుంది. ప్రతి ఏడూ ఆ రోజుల్లో దాని పూల వాసనకు నాకు తలనొప్పి వచ్చేది, ఆ చెట్టు కొట్టేస్తే బావుండునని అనేదాన్ని. ఆ సాయంత్రం దాని కిందకు రాగానే తల దిమ్మెక్కింది. రెండడుగులు వేశాక గానీ తెలియలేదు అది వాసన అని. అక్కడే నిలబడిపోయాను. మా అమ్మాయి చెయ్యి లాగి "క్యా హువా అమ్మా?" అంది. ఏమీ లేదన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల, నా కళ్ళల్లో నీళ్ళు చూసి భయపడుతుందని తల తిప్పుకున్నాను.

ఇంటికి వచ్చి ఇంగువ డబ్బా తీశాను. పూర్తిగా కాదు, సగమే, తలుపు అవతల నుంచి మాట వినబడినట్టు. అయినా వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మూడు రోజుల్లో ఆదివారం భోజనాలున్నాయి, కార్తీకమని ఆ నెల పార్కులో ఉసిరి చెట్టు కింద పెట్టుకున్నారు. అక్కడ అందరిలో నా గోంగూర నోట్లో పెట్టుకుని అప్పుడు చెబుదామనుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత నా పచ్చడి నేను తింటాను, పక్కన కూర్చున్న ఆమె భుజం మీద చెయ్యి వేసి "ఇక నీ నాలుకకు సెలవే" అంటాను. ఇలా మూడు రోజులు మనసులో చెప్పుకుని మురిసిపోయాను.

ఆదివారం తెల్లవారుతూనే లేచాను. మేడ మీద డబ్బాల్లో పెంచిన గోంగూర కోసి, కడిగి, నీడలో ఆరబెట్టాను. మెంతులు వేయిస్తుంటే ఆ కమ్మటి చేదు వాసన రాగానే దించాను, ఒక్క గింజ మాడలేదు. మిరపకాయలు, ఆవాలు, ఇంగువ. రోట్లో తొక్కి, గోంగూర వేసి, బరకగా నూరాను. ఆ ఒక్కరోజు ఎంగిలి పట్టింపు కూడా పక్కన పెట్టి వేలితో తీసి నాలుకకు రాసుకుందామా అనుకున్నాను, కానీ అందరిలోనే తిందామని ఆగాను. వాసన చూశాను. ఉప్పు సరిపోయింది. మా అమ్మ దగ్గరుంటే అదే మాట అనేది. అలవాటు ప్రకారం గిన్నె కిందికి పంపాను. "మస్తుగున్నదక్కా, ఇవ్వాళ ఇంక ఏం కలపొద్దు" అని ఫోన్ వచ్చింది. ఆ మాటకు నిజంగా పొంగిపోయాను.

పార్కులో విస్తళ్ళు వేశారు. ముద్దపప్పు, అన్నం, నెయ్యి పడ్డాయి. ఆమె కారులోంచి దించిన నా గిన్నె, నా స్టీలు గిన్నె, మూత మీద మా ఆయన పేరు కొట్టించిన గిన్నె తెచ్చి వడ్డించారు. నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

మొదట తగిలింది నువ్వులు. దోరగా వేయించి మెత్తగా నూరిన నువ్వులు. తర్వాత జీలకర్ర. మెంతులు లేవు. ఆవాలు లేవు. గోంగూర పులుపు వెనకాల ఉంది, నువ్వుల కమ్మదనంలో కలిసిపోయి, మెత్తగా. చాలా బావుంది. అదే నన్ను చంపేసింది, అంత బావుంది. ఎనిమిది నెలల తర్వాత నా నాలుక లేచి నాకు చెప్పిన మొదటి కబురు, ఇది నీది కాదు అని.

ఎదురుగా ఆఫీసరుగారి భార్య, "ఆంటీ, ఈసారి మీరు మిమ్మల్ని మీరే మించిపోయారు" అన్నారు. అటుపక్క ఎవరో ఇంకాస్త వేయమన్నారు. నేను నవ్వాను. తిట్టాలనిపించింది, విస్తరి ముందు నుంచి లేచిపోవాలనిపించింది, కానీ తల వంచుకుని ఆ విస్తట్లో ఉన్నదంతా తిన్నాను. నాకే తెలియకుండా అందరూ కలిసి నా చెవిలో పువ్వు పెట్టారు, ఆ పువ్వు పెట్టుకుని నేను ఎనిమిది నెలలు ఊరేగాను. ఇక్కడ కూర్చున్న ఎంతమందికి తెలుసో అని ఒక్కొక్కరి మొహం చూశాను. ఎవరి మొహంలోనూ ఏమీ కనిపించలేదు.

భోజనాలయ్యాక గిన్నెలు సర్దుతూ కారు దగ్గర ఆమె ఒక్కతే ఉంటే వెళ్ళాను. మా ఆయన వెనకాలే వచ్చారు.

"పచ్చడి ఎవరు చేశారు?" అన్నాను.

"నువ్వే గదక్కా."

"నువ్వులెవరు వేశారు?"

ఆమె నా వైపు చూడలేదు. మా ఆయన వైపు చూసింది. ఆ చూపుతో నాకంతా అర్థమైపోయింది, ఇద్దరూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది. తర్వాత ఆమె మొహం వెలిగింది, నా రెండు చేతులూ పట్టుకుని, "అక్కా, నీకు వాసనొచ్చిందా? నిజంగ?" అంది. ఆ సంతోషం దొంగది కాదు, అది నాకు ఇప్పటికీ తెలుసు. నేను చేతులు లాక్కున్నాను.

"ఎప్పటినుంచి?"

"ఏప్రిల్ నుంచి అక్కా. మొదట్ల నిజమే చెప్పిన. చెప్పినప్పుడల్ల నువ్వు అన్నం ముట్టకపోతివి, పారబోసుడు, మల్ల చేసుడు. నాకు చూడబుద్ధి కాలే. అన్నకు చెప్పిన."

"ఒట్టు వేశావు."

"ఏసిన. తప్పే."

మా ఆయన మధ్యలోకి వచ్చి, "తనని ఏమీ అనకు. నేనే అడిగాను" అన్నారు. "నువ్వు చేసింది తీసేసి, తను చేసింది గిన్నెలో పెట్టి పంపమన్నాను. నీ మనసు నొచ్చుకోకూడదని."

"మరి నేను చేసింది ఏం చేశారు?"

ఆయన గిన్నెల మూతలు సర్దసాగారు. మళ్ళీ అడిగాను. "పాల బూత్ దగ్గర చెత్తకుండీ ఉంది కదా" అన్నారు.

ప్రతి రోజూ. నేను పొద్దున్నే లేచి, మేడ మెట్లు ఎక్కి, రోట్లో చేతులు మండేలా నూరి, గిన్నెకెత్తి, ఆయన చేతికిచ్చి పంపితే ఆయన దాన్ని చెత్తకుండీలో వేసి పాలు తెచ్చారు. మళ్ళీ ఆమె ఫోన్ చేసి మెంతులు తగ్గించమనేది. ఏ మెంతులు? చెత్తకుండీలోకి వెళ్ళేవాటికి మెంతులు తగ్గించుకున్నాను. అమ్మాయికి తెలుసా అని అడిగితే, "చెప్పాల్సి వచ్చింది, ఒకరోజు గిన్నె మారుస్తుంటే చూసింది" అన్నారు. నా బిడ్డకు నా ఎదురుగా అబద్ధమాడడం నేర్పారు, నా మంచికోసం.

అప్పుడు అడగాల్సింది ఇంకొక్కటే మిగిలింది. "ఇవాళ పొద్దున నేను పంపింది రుచి చూశావా?" అన్నాను.

ఆమె ఏడుపు మొదలుపెట్టింది. "లేదక్కా. చానా రోజులైంది చూడక. ఎందుకని..."

ఎందుకని అనే మాట దగ్గర ఆగిపోయింది. ఎందుకు చూడాలి, ఎలాగూ పారేసేదే కదా. మస్తుగుందని ఫోన్ చేసిందే, ఆ మాటకు నేను పొంగిపోయానే, అప్పటికి మూత కూడా తీసి ఉండదు. మోసం అంటే నాకు ఇదీ. జాలిపడ్డారు, సరే. పారబోశారు, సరే. నా నాలుక తనేనన్న మనిషి, ఆ నాలుక మీద నా పచ్చడి పెట్టుకోవడమే మానేసింది. సరిగ్గా కుదిరిన రోజున కూడా దానికి ఎంగిలి పడే యోగం లేకపోయింది.

"అదెక్కడుంది?" అన్నాను. ఇంట్లో ఉందంది, భోజనాల హడావుడిలో మా ఆయన పొద్దున గిన్నె కింద ఇచ్చి వచ్చేశారు గానీ పాల బూత్ వైపు వెళ్ళలేదు, పారేయడం కుదరలేదు. ఇంటికి వచ్చాక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన నా గోంగూర తెచ్చి ఇచ్చింది. గుమ్మంలో నిలబడి, "అక్కా, నేను నిన్ను తక్కువ చెయ్యలే" అంది. అన్ని నెలలూ తన చేతి పచ్చడిని అందరూ నా పేరున మెచ్చుకుంటుంటే పక్కన కూర్చుని విన్న మనిషి. తనూ ఏదో పోగొట్టుకుందని ఇప్పుడు తోస్తుంది. ఆ రోజు తోచలేదు, తోచినా ఒప్పుకునేదాన్ని కాదు. డబ్బా తీసుకుని మెట్లెక్కి వచ్చేశాను. ఆ తర్వాత వాళ్ళు ఫరీదాబాద్‌కు ఇల్లు మారేవరకూ మెట్ల మీద ఎదురైతే బావున్నారా అంటే బావున్నారా అనుకున్నాం, అంతే.

సాయంత్రం అయిదింటికి కుక్కర్ పెట్టాను. పార్కులో మధ్యాహ్నం తిన్నది ఎవరికీ అరగలేదు, అయినా పెట్టాను. అన్నం వండి, కందిపప్పు ముద్దగా ఉడికించి, నెయ్యి కాచాను. మా ఆయన వంటింటి గడప దగ్గర రెండుసార్లు నిలబడి వెళ్ళారు. నేను తల ఎత్తలేదు. డబ్బాలోది చిన్న గిన్నెలోకి తీసి ముందు నేను తిన్నాను, నిలబడే తిన్నాను. మెంతుల చేదు, ఆవాల ఘాటు, బరకగా పళ్ళకు తగిలే గోంగూర, సరిపోయిన ఉప్పు. నాదే. మా అమ్మ చేతిదే. ఆ ఒక్క ముద్దతో నాకు ఏడుపు ముంచుకొచ్చింది, ఆపుకోలేదు.

ఇద్దరికీ కంచాలు పెట్టి వడ్డించాను. "ఇది నేను చేసింది. మార్చలేదు" అన్నాను. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని మింగకముందే "చాలా బావుంది" అన్నారు.

నేను గరిటె గిన్నెలో పెట్టేశాను. ఇన్ని నెలలూ అన్నది ఇదే మాట, ఇదే గొంతు. దానికి ముందు పదేళ్ళూ అన్నదీ ఇదే. అందులో ఏది నిజమో ఇక నేను ఎలా తేల్చుకోవాలి? నా ముక్కు తిరిగొచ్చింది గానీ ఆయన బావుంది అనే మాట మాత్రం నాకు మళ్ళీ రాలేదు. "మీరు ఇక నా వంట గురించి ఏమీ అనకండి" అన్నాను. ఆయన తల వంచుకుని తిన్నారు.

మా అమ్మాయి తింటూ తింటూ ఆగింది. వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన కళ్ళతో ఏదో చెప్పబోయారు, నేను చూస్తున్నానని మానుకున్నారు.

"నాన్న వైపు చూడకు" అన్నాను. "నీకెలా ఉందో అది చెప్పు. నేనేమీ అనను."

అది కంచంలో ముద్దను వేలితో అటూ ఇటూ జరిపింది. ఏడు నెలలు అంటే ఆ వయసు పిల్లకు చాలా కాలం, నాలుక కొత్త రుచికి అలవాటు పడిపోయేంత కాలం.

"అచ్ఛా హై అమ్మా" అంది ముందు, బావుందని. తర్వాత మెల్లగా, నా కళ్ళల్లోకి చూసి, "లేకిన్ ఆంటీ వాలీ జ్యాదా అచ్ఛీ థీ" అంది.

కింది ఆంటీ చేసిందే ఎక్కువ బావుండేదట. ఏప్రిల్ తర్వాత నా పచ్చడి గురించి నాతో ఒకరు చెప్పిన మొదటి నిజం అది. నేనేమీ అనలేదు, అననని మాటిచ్చాను కదా. దాని కంచంలో ఇంకాస్త పప్పూ నెయ్యీ వేసి, పచ్చడి గిన్నె నా వైపు లాక్కుని తినడం మొదలుపెట్టాను.